నాయనకు చదివిన తప్పు పద్యం

మా నాయన పుల్లలచెరువు వైపు బళ్లలో తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యాడు. అక్కడి బోరునీళ్లే ఆయన కిడ్నీలు తినేశాయని నా కోపం. డాక్టరు అవుననడు, కాదనడు. మార్కాపురంలో డయాలసిస్ మొదలయ్యాక ఆ డాక్టరే నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. "రక్తంలో మలినాలు పెరిగితే మనసు మసకబారుతుందమ్మా. రోజూ ఇవాళ ఏ వారమో అడుగుతుండండి. తడబడితే వెంటనే తీసుకురండి."

అడిగిన మొదటిరోజే నాయన ఇంతెత్తున లేచాడు. "నేనేమన్నా పిచ్చోడినా ఏంది? పోయి క్యాలెండరు చూసుకో!"

అందుకని దారి మార్చాను. ఆయన దగ్గరే నేర్చుకుని నేను రాసుకున్న పద్యాన్ని కావాలనే చెడగొట్టి, పొద్దున్నే కాఫీ ఇస్తూ చదివేదాన్ని. తప్పు పట్టాడా, ఆ రోజుకు నాయన నాయనే.

ఒకరోజు "వాన రాని యేడు వలస పోయెడు వారు" అన్న పాదంలో "వలస" తీసేసి "కదలి" పెట్టి చదివాను.

"యతి యాడబోయింది? వా అని ఎత్తుకుంటివి గదా, నాలుగో గణం క తో మొదలుపెడితే ఎట్ల? వలస అను, సరిపోతది."

అంతటితో వదిలితే పండితుడెందుకవుతాడు! "అయినా ఆటవెలది ఏందమ్మా దీనికి? అది గంతులేసుకుంటా పోయే నడక. మూటలు నెత్తిన పెట్టుకొని ఊరిడిచి పోయేటోళ్లు గంతులేస్తారా? గణాలు కుదిరినాయి గానీ ఏడుపు కుదరలేదు. సీసంలో పెట్టు, పాదం పొడుగు. ఊపిరి తీసుకునేదానికి జాగా ఉంటది."

నాకు ఒళ్లు మండింది. వంటింట్లోకి వెళ్లి ఆయనకు వినపడేలా గిన్నెలు ఎత్తి పడేశాను. లోపల మాత్రం ప్రాణం కుదుటపడింది.

ఎండలు ముదిరాక ఒక పొద్దున అదే పాదాన్ని మళ్లీ "కదలి"తోనే చదివాను. నాయన పలకలేదు. ఇంకోసారి చదివాను. భయమేసి, ఈసారి ఏకంగా ఒక మాట ఎగ్గొట్టి, కుంటుకుంటూ చదివాను. ఆయన మెల్లగా నావైపు తిరిగి నవ్వాడు.

"బాగుందమ్మా."

నా పద్యం బాగుందని ఆయన నోట వినాలని పదో తరగతి నుంచి ఆశపడ్డాను. ఆ ఉదయం ఆ మాట వినలేకపోయాను. కారు కోసం ఫోన్ చేసి, వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"తప్పుంది నాయనా, బాగా చూడు. తిట్టు నన్ను."

"తప్పేముంది, బాగా రాసినావు," అన్నాడు ఎంతో మర్యాదగా. "నీకు పద్యం నేర్పిన అయ్యవారు ఎవురమ్మా?"