బుగ్గలో పటికబెల్లం

మెట్‌పల్లిలో పెళ్లి ఊరేగింపంటే బ్యాండు ఉండాలి, బ్యాండంటే హనుమండ్లు క్లారినెట్ ఉండాలి. కనీసం హనుమండ్లు అభిప్రాయం అది. ఊళ్లో వాళ్లూ పెద్దగా కాదనరు. ఎర్రకోటు తొడుక్కుని, పై ముందు పళ్లను క్లారినెట్ మూతి మీద ఆనించి కళ్లు మూసుకున్నాడంటే, పక్క వీధిలో డీజే మోగుతున్నా సరే పెళ్లివారు కాసేపు నిలబడి వినాల్సిందే.

ఈ గొప్పకు ముందు ఒక పరువు తక్కువ సంగతుంది. ఇరవై ఆరేళ్ల కిందట, తొలిసారి పెళ్లికి ఊదినప్పుడు, మండుటెండలో సగం పాటకే నోరు పిడచకట్టి క్లారినెట్ కీచుమంది. జనం గొల్లుమన్నారు. పాట నేర్పిన హమీద్ ఉస్తాద్ మాత్రం నవ్వలేదు.

"బుగ్గల చిన్న మిస్రీ ముక్క పెట్టుకో బేటా, నోరెండదు," అన్నాడు.

మిస్రీ అంటే పటికబెల్లం. ఆ మాట ఇంట్లో చెప్పాడో లేదో, భార్య చంద్రవ్వ చేతిరుమాలు కొసన పటికబెల్లం ముక్కలు మూటకట్టి ఇవ్వడం మొదలుపెట్టింది. ఇంటి పట్టున బీడీలు చుట్టుకునే చంద్రవ్వ ఏ ఊరేగింపుకూ వెళ్లేది కాదు; హనుమండ్లు సాధన కూడా బ్యాండువాళ్లతో ఊరి బయటే. ఆ మూట మాత్రం ప్రతి పెళ్లికీ వెళ్లేది. ఒక ముక్క కరిగితే ఇంకో ముక్క. నాలుగైదు గంటలు హనుమండ్లు బుగ్గలో తీపి ఊరుతూనే ఉండేది.

ఈ ఏడు మాఘమాసపు ముహూర్తాలు మొదలయ్యేసరికి చిగుళ్లు వాచాయి. ముందు పన్ను కదలసాగింది. ఊదితే జివ్వున లాగేది. పళ్ల డాక్టర్ మమతారాణి నోట్లోకి లైటు వేసి చూసింది.

"నోట్ల ఏం పెట్టుకుంటరు కాకా? గుట్కానా?"

"గుట్కా ముట్ట మేడం. ఉట్టి పటికబెల్లమే," అన్నాడు గర్వంగా.

"మీ పండ్లను తిన్నది అదే. గంటలకొద్ది తీపి నోట్ల ఉంటే పన్ను ఎట్ల నిలుస్తది? దవడ పండ్లు రెండు తియ్యాలె. ఇయ్యాల్టి నుంచి అది బందు. పాటకు పాటకు నడుమ నీళ్లు పుక్కిలించుండ్రి. లేకుంటే ఆ ముందు పన్ను గూడ ఊడుతది."

ముందు పన్ను ఊడితే హనుమండ్లుకు క్లారినెట్ లేనట్టే. ఆ భయం ఒకటైతే, చంద్రవ్వకు ఎలా చెప్పాలన్న బెంగ అంతకు రెండింతలు. పాలు విరిగినా తన చేతి దోషమే అనుకునే మనిషి ఆమె. చెప్పబోయి నీళ్లు నమిలాడు. దవడ పళ్లు తీయించుకొచ్చి, వయసు మీద నెట్టేశాడు. ఆమె ఎప్పటిలాగే మూట ఇస్తే ఎప్పటిలాగే తీసుకున్నాడు. తినలేదు. పారేయడానికి చేయి రాక క్లారినెట్ పెట్టెలో ఓ మూలన వేస్తూ పోయాడు.

చీమలకు మొగుడూ పెళ్లాల రహస్యాలు పట్టవు కదా. ఒక పొద్దున గోడ వెంట బారుకట్టి అవి పెట్టెలోకి పోతుంటే చంద్రవ్వ మూత తీసింది. ఐదు పెళ్లిళ్ల పటికబెల్లం.

వాకిట్లో ముఖం కడుక్కుంటున్న హనుమండ్లు ముందుకొచ్చి గుప్పిలి విప్పింది. "నేనిచ్చినయి చేదైనయా?"

అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. డాక్టర్ చెప్పిందంతా చెప్పేశాడు. చంద్రవ్వ గడప మీద కూలబడింది.

"అంటే ఇన్నేండ్లు నీ పండ్లు నేనే చెడగొట్టిన్నా?"

"నువ్వెందుకు చెడగొడ్తవే? ఉస్తాద్ మంచికే చెప్పిండు, నువ్వు మంచికే ఇచ్చినవు."

"మరి నాకెందుకు చెప్పలే?"

"అది బుగ్గలుంటే నువ్వు పక్కన నడుస్తున్నట్టే ఉండేది. వద్దంటే నిన్నే వద్దన్నట్టు అయితదని..." పెళ్లయిన కొత్తలో కూడా హనుమండ్లు ఇంత మాట అనలేదు.

చంద్రవ్వ చాలాసేపు ఏడ్చింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని అడిగింది.

"ఎల్లుండి పెండ్లి ఏడ?"

"ఈడనే, బస్టాండు కాడ."

"నీళ్లు పట్టుకొని నేనొస్త."

"పిలువని పెండ్లికా?"

"పెండ్లికెవలు వస్తున్నరు? నేను బ్యాండుతోటి వస్తున్న."

అన్నట్టే వచ్చింది. నీళ్లసీసా చంకన పెట్టుకుని, డ్రమ్ముల చప్పుడుకు ఓ చెవి మూసుకుని, ఎర్రకోట్ల పక్కనే నడిచింది. ముందురోజు డాక్టర్ చిగుళ్లు శుభ్రం చేసి, పన్ను నిలుస్తుందని చెప్పింది. అయినా హనుమండ్లు మొదటి పాట భయంభయంగానే ఊదాడు. పాట కాగానే ఆమె సీసా అందించింది. పుక్కిలించి మురిక్కాలువలో ఊశాడు. రెండో పాటకూ అంతే. మూడో పాటకు భయం మరిచిపోయి, కళ్లు మూసుకుని గుండె నిండా ఊదాడు.

పాట ముగించి చేయి చాపితే సీసా రాలేదు. కళ్లు తెరిచి చూస్తే చంద్రవ్వ నడిరోడ్డు మీద నిలబడిపోయి ఉంది. చెంపల మీద నీళ్లు కారుతున్నాయి.

"ఏమైందే?" అని కంగారుపడ్డాడు.

"నువ్వు గింత మంచిగ ఊదుతవని ఇన్నేండ్లల్ల నాకు ఎవ్వలు చెప్పలే."