రఫ్ఫు చేసిన ఫోను

కోరుట్లలో చీరల దుకాణం సేటు ఒకసారి గిరాకీలందరి ముందు నేను నేసిన చీరను నా మొహం దగ్గరికి ఎత్తిపట్టి, "ఏమోయ్, ఫోన్ల నీలం సూపెట్టి సంచిల వంకాయ తెచ్చినవు. మేము కండ్లు లేనోళ్లమా?" అన్నాడు. గిరాకీలు నవ్వారు. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. ఆమె మొహం నాకు ఇప్పటికీ గుర్తే.

తప్పు నాది కాదు, నా ఫోనుది. సిరిసిల్లలో మా ఇంట్లో రెండు సాంచాలున్నాయి. కరెంటుతో నడిచే మగ్గాలను మేము అట్లాగే పిలుస్తాం. నేను నేస్తాను, నా భార్య మడతలు పెడుతుంది. నేసినదాని ఫోటో వాట్సాప్‌లో పంపితే సేటు చూసి తెప్పించుకుంటాడు. మా చీరలు కొనేవాళ్లలో మిగిలింది ఆయనొక్కడే. ఆ ఫోను వంకాయరంగును ఎప్పుడూ నీలంగానే చూపేది. ఎంత చెప్పినా ఆయన వినలేదు. "ఇంకొక్కసారి గిట్లయితే నీ ఫోటో తెరువనే తెరువ" అన్నాడు. ఆయన తెరవకపోతే సాంచాలు ఆగినట్టే.

అందుకే ఇద్దరం జగిత్యాల పోయాం. ఒకరు వాడి వదిలేసిన పెద్ద ఫోన్లను బాగుచేసి అమ్మే దుకాణం ఉందక్కడ. కొత్తవి మాకు అందేవి కావు. దుకాణదారు రెండు తీసి అద్దం మీద పెట్టాడు. రెండూ ఒకే కంపెనీవి, వాటి కాలంలో అన్నిటికన్నా పై రకం. ఒకటి ముందు తరానిది, ఇంకొకటి దాని తర్వాత వచ్చింది.

"రెండు రీఫర్బిషే కాకా. ఒక్క గీత లేదు, సూస్కో."

"రఫ్ఫు చేసినయా?" అంది నా భార్య.

నాకూ అట్లాగే వినిపించింది. బట్ట చిరిగిన చోట పోగు పోగు కలిపి అతికితే దాన్ని రఫ్ఫు అంటాం. దుకాణదారు కడుపు పట్టుకుని నవ్వాడు. "రఫ్ఫే అనుకో చిన్నమ్మా. మీకు పోగులు, మాకు బ్యాటరీలు."

ఆమె నవ్వలేదు. రఫ్ఫు చేసినదాన్ని తిరగేసి చూడాలి కదా. రెండు ఫోన్లనూ తిప్పి, వెనకభాగమంతా గోటితో తడిమింది. తర్వాత సంచిలోంచి వంకాయరంగు చీర తీసి, గడప దగ్గర ఎండకు పట్టుకుంది. నేను రెండింటితో ఫోటో తీశాను.

కొత్త తరం ఫోనులో చీర పట్టులా మెరిసింది. పాత తరం ఫోనులో చీర చీరలాగే ఉంది. అంచు పక్కన ఒక పోగు వదులై పడిన సన్న గీత కూడా కనబడింది.

"గా మెరిసేది మన చీర కాదు. ఎవలదో పెండ్లి చీర లెక్కున్నది. పాతదే తీసుకో," అంది ఆమె.

"అందరు కొత్తదే అడుగుతరు. నీకు పాతదే సాలు తీ కాకా," అన్నాడు దుకాణదారు. 'నీకు' అన్న మాటను ఒత్తి పలికాడు. ఆ ఒత్తు కోసమే కొత్తది కొనాలనిపించింది. అయినా పాతదే తీసుకున్నాను. ఇక నన్ను ఎవడూ అబద్ధాలకోరు అనలేడనుకున్నాను.

ఇంటికొచ్చి సేటుకు ఫోటోలు పంపాను. టిక్కులు నీలమయ్యాయి, అంటే చూశాడు. చివరికి నేనే ఫోన్ చేశాను.

"రంగు దిగినట్టున్నదయ్యా."

"గదే దాని రంగు సేటూ. ఫోటోల ఎట్లుంటె చీర గట్లనే ఉండాలని మీరే అన్నరు."

"అన్న. గట్లనే ఉన్నది. గదే కష్టం. నీ ఫోటోనే నేను గిరాకీలకు పంపుత. మిగిలినయన్ని మెరుస్తుంటె నీదాని మీద ఎవరి వేలు ఆగుత లేదు."

పెట్టేశాడు. నీలంగా చూపితే మోసగాణ్ని, వంకాయగా చూపితే పనికిరానివాణ్ని.

కొన్నాళ్లకు చీరలు పోక ఒక సాంచా ఆగింది. ఫోను మార్చుకు రమ్మని నా భార్యే పోరుపెట్టి నన్ను మళ్లీ జగిత్యాల పంపింది. కొడిమ్యాల దాటేదాకా బస్సులో ఏమని అడగాలో నెమరేసుకుంటూనే ఉన్నాను. కొత్త తరం ఫోను ఇంకా అద్దం వెనకే ఉంది.

"గిది వాపసు తీసుకొని అది ఇయ్యి తమ్మీ. మీద పడేది నేను కడుత."

"ఏం కాకా, రఫ్ఫు చేసిన బట్ట నువ్వు వాపసు తీసుకుంటవా?"

దుకాణంలో ఉన్నవాళ్లంతా నవ్వారు. అది నా భార్య మాట. మా ఇంటి మాటను ఎత్తుకుని నా మీదికే విసిరాడు. నిజానికి మేమూ తీసుకోం.

పాత ఫోనుతోనే ఇంటికొచ్చాను. రెండో సాంచా మీద వంకాయరంగు పడుగు ఇంకా కొంచెం ఉంది. అదైపోతే ఎక్కించడానికి వేరేది తేలేదు. పొద్దున్నే ఆమె చీరను గడపలో ఎండకు పట్టుకుంటుంది. నేను ఫోటో తీస్తాను. ఉన్నది ఉన్నట్టే వస్తుంది. పంపుతాను. ఈ మధ్య టిక్కులు నీలం కావడం కూడా మానేశాయి.