నాలుగో నంబరు కాగితం మీద ఏడు చిల్లులు

బ్యాంకుల డబ్బు వ్యాన్లలో మోసే ఆ కంపెనీలో కాపలావాళ్ళు పన్నెండు మంది. పదకొండు మంది మగవాళ్ళు, ఒక్కతే ఆడది. ఆ ఒక్కతెనీ అందరూ ఇస్త్రీ అక్క అంటారు. ఎందుకంటారో చెబితే మీరూ నవ్వుతారు గానీ, నిజానికి నవ్వాల్సిన సంగతి కాదది.

తొమ్మిదేళ్ళుగా ఆవిడ గేటు దగ్గర కర్ర పట్టుకుని స్టూలు మీద కూర్చుంటోంది. వచ్చే బండికి గేటు తియ్యడం, పోయే బండికి వెయ్యడం. ఆవిడకున్న కోరిక ఒక్కటే, పిస్టల్ పెట్టుకుని ఆ వ్యాన్‌లో కూర్చునే పని. దానికో పరీక్ష ఉంది. ముందు ఐదు మీటర్ల దూరం నుంచి ఐదు గుళ్ళు, పది సెకన్లలో. తర్వాత పది మీటర్లు, పదిహేను, చివరికి ఇరవై అయిదు. దూరం పెరిగేకొద్దీ రెండేసి సెకన్లు ఎక్కువిస్తారు, అదే మహాభాగ్యం. దూరానికో కొత్త కాగితం. మొత్తం ఇరవై గుళ్ళలో పదహారు కాగితాల మీది నల్ల వలయంలో పడితే బ్యాడ్జీ ఇచ్చి వ్యాన్ ఎక్కిస్తారు. పడకపోతే ఇంకో ఏడాది స్టూలే గతి.

మగవాళ్ళని నెలకోసారి రేంజికి తీసుకెళ్ళి కాల్పించేవారు. ఆవిడ అడిగితే ఆఫీసరు, "నువ్వూ వెళ్తే గేటెవరు చూస్తారమ్మా?" అనేవాడు. జనవరిలో అదే మాట, జూన్లో అదే మాట. గేటు తియ్యడానికి ఇంకో మనిషే దొరకడా ఈ భూమ్మీద? ఏడాది మొత్తంలో ఆవిడ చేతికొచ్చినవి పది గుళ్ళు. మిగతావాళ్ళకి అరవై. పరీక్ష మాత్రం అందరికీ ఒకటే!

చేసేది లేక ఆవిడ ఇంట్లోనే మొదలుపెట్టింది. మొగుడు దర్జీ. ఇంట్లో కిలో బరువుండి, పట్టుకోవడానికి పిడి ఉన్న వస్తువు ఆయన చిన్న ఇస్త్రీ పెట్టె ఒక్కటే. గోడకి ఒక నల్ల కోటు బొత్తాం అంటించింది. కుట్టుమిషను నుంచి గుమ్మం దాకా ఐదు మీటర్లు. వరండా ఈ చివర నుంచి ఆ చివరకి పది. ఇరవై అయిదు కావాలంటే మేడ ఎక్కాల్సిందే, నీళ్ళ ట్యాంకు నుంచి పిట్టగోడ దాకా. మొగుడు టేపు పెట్టి కొలిచి సుద్దతో గీతలు గీశాడు. పొద్దున్నే పని మొదలెట్టేలోపు ఫోన్లో సెకన్లు చూస్తూ "ఊఁ" అనేవాడు. ఆవిడ చెయ్యి చాచి, ఊపిరి బిగబట్టి, బొత్తాం మీద చూపు నిలిపి ఐదుసార్లు వేలు ముడిచేది. మొదటి నెల భుజం పడిపోయింది. మూడో నెలకి చెయ్యి వణకడం మానేసింది.

"గోడకి బొత్తాం పెట్టి, దాన్ని ఇస్త్రీ పెట్టెతో బెదిరించే కోడలు లోకం మొత్తం మీద నాకొక్కదానికే దొరికింది," అనేది అత్తగారు. అంటూనే కోడలు మేడ మీదుంటే పొయ్యి మీది పాలు తనే చూసుకునేది.

ఒకరోజు చొక్కా కుట్టించుకోవడానికొచ్చిన వ్యాన్ డ్రైవరు మేడ వైపు చూడనే చూశాడు. మర్నాటికి కంపెనీ అంతా టాంటాం. అప్పటినుంచి ఇస్త్రీ అక్క. "అక్కా, దొంగొస్తే మడతలు పోగొడతావా?" అని వాళ్ళ వేళాకోళం. ఆవిడ పళ్ళు బిగబట్టి గేటు తీసేది.

పరీక్ష రోజు రానే వచ్చింది. ఆవిడకి ఇచ్చింది పాత పిస్టల్, గొట్టం సన్నం. కొత్తవి మగాళ్ళకే సరిపోయాయట! ఆవిడ నిలబడే చోటు నాలుగో నంబరు. పక్కన ఐదులో బావమరిది. అతన్ని అందరూ అలాగే పిలుస్తారు, ఆఫీసరు భార్యకి తమ్ముడు మరి. ముప్పై ఏళ్ళుంటాయి. నెమ్మదస్తుడే. కాకపోతే అతనికి వ్యాన్ ఉద్యోగం ఖాయమని అందరికీ ముందే తెలుసు.

రేంజి మాస్టారు విజిల్ ఊదాడు. ఐదు మీటర్లలో ఆవిడవి ఐదుకి ఐదు. పదిలోనూ అంతే. పదిహేనులో నాలుగు. మొత్తం పద్నాలుగు. వేళాకోళాలు ఆగిపోయాయి. బావమరిదివీ సరిగ్గా పద్నాలుగే. ఇక ఇద్దరికీ తలా రెండు పడితే చాలు.

ఇరవై అయిదు మీటర్ల దగ్గర ఆవిడ ఐదూ నింపాదిగా కాల్చింది. ఇంకా రెండు సెకన్లు మిగిలాయి కూడా. కాగితాలు తెచ్చి బల్ల మీద పరిచారు. ఐదో నంబరు కాగితం తెల్లగా, ఒక్క చిల్లు కూడా లేకుండా ఉంది. నాలుగో నంబరు కాగితం మీద ఏడు చిల్లులు.

ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు. "రూలుందమ్మా. కాల్చిన గుళ్ళకంటే చిల్లులు ఎక్కువుంటే ఆ కాగితం చెల్లదు. నీకు పద్నాలుగే. వచ్చే ఏడు చూద్దాం."

ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. "నాకిచ్చినవి ఐదు. ఏడెలా కాలుస్తాను సార్? ఇంటి నుంచి తెచ్చుకున్నానా?"

"అదంతా నాకు తెలీదు. రూలు రూలే."

"పక్కాయన కాగితం తెల్లగా ఉంది. ఆయన గుళ్ళెక్కడికి పోయాయో అది కూడా మీకు తెలీదా?"

"పైనుంచి పోయుంటాయి. నీ కాగితంలో పడ్డాయనడానికి రుజువేంటి?"

ఆవిడ కాగితం మీదకి వంగి చూసింది. చూసి, అడక్కుండానే ఆఫీసరు జేబులోని లావుపాటి పెన్ను లాగేసింది. అక్కడున్నవాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. పెన్నుని ఒక్కో చిల్లులో పెట్టి చూపించింది. ఐదింటిలో మొన దగ్గరే ఆగిపోయింది. రెండింటిలో జారుకుంటూ దిగింది. "ఇదిగో మీరు నాకంటగట్టిన సన్న గొట్టం. ఇవి ఐదూ నావి. ఈ లావు చిల్లులు రెండూ కొత్త పిస్టల్‌వి. ఇంకా ఏం రుజువు కావాలి?"

మాస్టారు భూతద్దం పెట్టి చూసి, "నిజమే సార్," అన్నాడు. ఆవిడ ఐదింటిలో నాలుగు నల్ల వలయంలో ఉన్నాయి. పద్దెనిమిది! పాసు!

ఆఫీసరు ఆ కాగితాన్ని తన వైపు లాక్కుని చూశాడు. తర్వాత అతని మొహం వెలిగింది. "సరే, ఆ రెండూ మావాడివేగా? రెండూ వలయంలోనే ఉన్నాయి. అయితే వాడికి పదహారు. ఇద్దరూ పాసు! సోమవారం నుంచి ఇద్దరూ ఒకే వ్యాన్లో," అంటూ రెండు బ్యాడ్జీలు బల్ల మీద పెట్టాడు.

ఎంత దారుణమో చూడండి! అవే చిల్లులు ఆవిడ కాగితంలో ఉంటే తప్పు, బావమరిది ఖాతాలో పడితే ఒప్పు! ఇస్త్రీ అక్క తన బ్యాడ్జీ తీసుకుని గుండెల మీద పెట్టుకుంది. తొమ్మిదేళ్ళ కోరిక. అప్పుడంది, "ఈయనతో నేను వ్యాన్ ఎక్కను సార్."

"ఏం, ఎందుకని?"

"ఎదురుగా దొంగ, పక్కన నేను. ఈయన ఎవర్ని కాలుస్తాడో ఈయనకే తెలీదు. మీలో ఎవరైనా ఈయన పక్కన కూర్చుంటారా? చెప్పండయ్యా!" మిగతా పది మంది మగవాళ్ళూ తలా ఒక అడుగు వెనక్కి వేశారు. "పోనీ మీరు ఎక్కుతారా సార్?" ఆఫీసరు వాచీ చూసుకున్నాడు.

అప్పుడు బావమరిదే నోరు విప్పాడు. "నేనే ఎక్కను బావా. అంత దూరం పోతే నాకు నాలుగో ఐదో తెలీడం లేదు, అన్నీ అలుక్కుపోతున్నాయి. నిరుడే చెప్పాను నీకు. కళ్ళజోడు పెట్టుకుంటే ఉద్యోగం రాదు, నోరు మూసుకోమన్నావు."

ఇస్త్రీ అక్క అతని మీద నూరిన పళ్ళన్నీ వృథా అయిపోయాయి. కోపం మాత్రం తగ్గలేదు, రెండింతలైంది. "నిరుడే తెలుసా మీకు? తెలిసి తెలిసి ఈయన చేతికి పిస్టల్ ఇచ్చి, నన్ను పక్కన కూర్చోబెడతారా? నాకో మొగుడున్నాడు, అత్తగారుంది. మీ బావమరిదికీ ప్రాణం ఉంది. ఒక్క కళ్ళజోడు పెట్టించడానికి మీకు అంత నామోషీనా?"

ఆఫీసరు కక్ష తీర్చుకున్నాడు. ఆవిడకి ఇంకెవర్నీ జత వెయ్యనన్నాడు. రెండో మనిషి లేనిదే వ్యాన్ లేదు, అందాకా గేటే అన్నాడు. మళ్ళీ అదే స్టూలు. "పోనీ, ఆ బ్యాడ్జీ తీసి లోపల పెట్టరాదూ, అందరూ అడుగుతారు," అన్నాడు మొగుడు మెల్లగా. "అడగనీండి. సిగ్గుపడాల్సింది నేనా?" అని బ్యాడ్జీ పెట్టుకునే గేటు తీసింది. వచ్చినవాళ్ళంతా అడిగారు. అడిగిన ప్రతివాళ్ళకీ, దాపరికం లేకుండా, మొదటినుంచీ చెప్పింది. బ్యాంకు మేనేజరు అడిగినా అంతే.

తొమ్మిదో రోజున బావమరిది వచ్చాడు, ముక్కు మీద కొత్త కళ్ళజోడుతో. "అక్కా, చెట్టుకి ఆకులు విడివిడిగా ఉంటాయని ఇన్నాళ్ళూ తెలీలేదు నాకు," అన్నాడు.

ఆవిడ కరగలేదు. "వీధి అవతలికి వెళ్ళి నిలబడు. ఇంకా వెనక్కి. ఇంకా. ఆఁ, అక్కడ." చెయ్యి పైకెత్తింది. "వేళ్ళెన్ని?"

"మూడు!"

"ఇప్పుడు?"

"ఒకటి! చిటికెన వేలు!"

ఆవిడ కర్రని గోడకి ఆనించి, గేటుకి తాళం వేసింది. తొమ్మిదేళ్ళలో పట్టపగలు ఆ గేటుకి తాళం పడటం అదే మొదటిసారి. ఇటు ఒక బండి, అటు రెండు బండ్లు హారన్లు మోగిస్తున్నాయి.

"నడు, మీ బావ దగ్గరికి. ఇరవై అయిదు మీటర్ల నుంచి నువ్వు మళ్ళీ కాల్చడానికి ఐదు గుళ్ళు ఇస్తాడో ఇవ్వడో తేల్చుకుందాం. ఇచ్చేదాకా ఈ గేటు నేను తియ్యను," అంది ఇస్త్రీ అక్క.