కంటైనర్‌లో నా పేరు

ఆ మనిషి మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. చల్లారాలని నాకూ లేదు.

సిద్దిపేటలో నేను పనిచేసే చిన్న ఆఫీసుకు ఆయన పెద్ద. దుబ్బాక నేతన్నలు కొందరు కలిసి, తమ చీరలూ తువ్వాళ్లూ అమ్ముకోవడానికి వెబ్ పేజీ కావాలని వచ్చారు. మొదటి నుంచి చివరిదాకా నేనే చేశాను. బొమ్మ మీద వేలు పెడితే కొంగు మొత్తం కనబడేలా చేయడానికి ఎంత తిప్పలు పడ్డానో నాకే తెలుసు. మా నాయినదీ మగ్గం పనే. అందుకే సార్‌ను అడిగి, ఆయన సరే అన్నాకే, పేజీ అడుగున తయారుచేసినవారిగా నా పేరు పెట్టుకున్నాను.

ఆ పేజీనీ, అది నడవడానికి కావలసిన సరంజామానూ ఒక్క మూటగా కట్టి, కంప్యూటర్‌లో ఆ మూటకు ఒక నకలు తీసి నడిపించాను; అలా నడిచే నకలునే కంటైనర్ అంటారు. నేతన్నలకు చూపించే ముందురోజు తెరిచి చూస్తే నా పేరు లేదు. అక్కడ ఆయన పేరుంది!

ఇదేంటని అడిగాను. "నీ పేరు ఎవలకు ఎరుక? నా పేరుంటే ఇంకో నాలుగు పనులొస్తయి," అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. సొమ్మొకడిది, సోకొకడిది. అయితే ఆయన పేరు మార్చింది నడుస్తున్న కంటైనర్ లోపల, నేను కట్టిన అసలు మూటలో కాదు. ఆ కంటైనర్‌ను తీసేసి మూట నుంచి మళ్లీ నడిపిస్తే, మార్చిందంతా పోతుంది. ఆ ముక్క ఆయనకు తెలియదు. నేను చెబుతానా?

మర్నాడు నేతన్నలు వచ్చి కూర్చున్నారు. చాయ్ తాగారు. సార్ దర్జాగా కాలు మీద కాలేసుకుని, పేజీ చూపించమని నాకు పురమాయించాడు. ఆయన కళ్ల ముందే పాత కంటైనర్‌ను తీసేసి కొత్తది నడిపాను. చీరలు చూసి వాళ్లు తెగ సంబరపడ్డారు. వాళ్లలో పెద్దాయన అడుగుదాకా చూసి, నా పేరు పైకి చదివి, సార్ వైపు తిరిగాడు.

"గిదంత గీ బిడ్డనే చేసిందా? మరి మీరేం చేసిన్రు సారూ?"

సార్ కాలు మీద వేసుకున్న కాలు కిందికి దించాడు. నా ప్రాణానికి ఎంత హాయిగా ఉందో!

"దగ్గరుండి చూసుకున్న," అన్నాడు.

పెద్దాయన తలూపి, కుర్చీ నా పక్కకు లాక్కున్నాడు. ఫొటోలు ఎలా తీయాలి, రేటు ఎక్కడ మార్చాలి, అన్నీ నన్నే అడిగాడు. మిగతావాళ్లూ చుట్టూ చేరారు. వాళ్ల వెనక నిలబడి, సార్ కూడా విన్నాడు.