పల్లీల విమానాలు

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన రెండేళ్లకు, సూర్యాపేటలో కోదాడ బస్సు కోసం నేను కూర్చున్న బండ మీద ఎవరో పులిజూదం గీతలు చెక్కి ఉంచారు. పక్కనున్న పెద్దమనిషి ఓడల మీద పనిచేసి వచ్చినవాడట.

"పులిజూదం కాదు తమ్మీ, పసిఫిక్ సముద్రం ఆడుదం," అన్నాడు. వాడపల్లి దగ్గరి కృష్ణకన్నా పెద్ద నీళ్లు నేను చూసి ఎరగను.

నా టిఫిను మూత విమానాల ఓడ, దాని మీది పల్లీలు విమానాలు. అతని చింతగింజలు జలాంతర్గాములు, నీళ్ల అడుగున అన్నట్టు అతను పరిచిన తువ్వాలు కిందే కదులుతాయి. మేకలతో పులిని చుట్టుముట్టే అలవాటు కొద్దీ పల్లీలన్నిటినీ ఒకేసారి తువ్వాలు చుట్టూ మోహరించాను. ఒక చింతగింజ మెల్లగా బయటికొచ్చి, కావలి లేని నా మూతను తాకింది.

"ఓడ మునిగింది. మేకలకు ఇల్లు లేకున్నా నడుస్తది తమ్మీ. గీ ఇమానాలు మల్ల ఏడ దిగాలె?"

అతను నవ్వి అరచెయ్యి చాపాడు.

"గీడ దించు. దుష్మన్‌వే అయినా సముద్రంల పడనిస్తనా?"

ఒక్కొక్క పల్లీనే ఆ చేతిలో పెట్టాను. బస్సు వచ్చేలోగా చెరిసగం తిన్నాం.

మా ఇంట్లో పోట్లాడి బయటికెళ్లినవాళ్లు తిరిగొచ్చేదాకా నేను వాకిలి గడియ వేయను. ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగితే పల్లీల సంగతి చెప్పాలి.