ఇంకొక్క అడుగు వెనక్కి

అనాదిచరణ్ హాల్దార్ ముందుకు నడిచి ఫోటో తీయగా చూసినవాడు కలకత్తా మొత్తంలో ఒక్కడూ లేడు. ఆయన నడకంతా వెనక్కే. కెమెరా కంటికి ఆనించడం, "ఇంకొక్క అడుగు" అంటూ వెనక్కి వేయడం, ఆ వెనకాల ఏముందో దేవుడికి వదిలేయడం. ముప్ఫై ఏళ్లుగా పెళ్లిళ్లకి ఫోటోలు తీస్తూ ఆయన పడని చోటు లేదు. బారుయీపూర్ పెళ్లిలో గుర్రపుడెక్క నిండిన చెరువులో పడ్డాడు. హౌరాలో వడ్డనకి సిద్ధంగా ఉన్న చేపవేపుడు పళ్ళెంలో కూర్చున్నాడు. బెహాలాలో అయితే ఏకంగా పెళ్లికొడుకు బెండు కిరీటం మీదే కూర్చున్నాడు. పాపం ఆ అబ్బాయి అప్పచ్చిలా అణిగిన కిరీటంతోనే పీటల మీదికి వెళ్లాడు.

చెరువులో పడ్డ మర్నాడు ఆయన భార్య కణిక ఒక నిర్ణయానికొచ్చింది.

"ఇక నేనూ వస్తాను పెళ్లిళ్లకి."

"నువ్వొచ్చి ఏం చేస్తావు?"

"మీ వెనకాల నిలబడతాను."

అప్పట్నుంచీ ఆవిడ ఉద్యోగం అదే. పెళ్లివారు ఆవిణ్ణి లైటు పట్టే మనిషి అనుకుంటారు. ఒక చేతిలో లైటు ఉన్న మాట నిజమే. రెండో చేతిలో మాత్రం ఎప్పుడూ మొగుడి లాల్చీ వెనక అంచు ఉంటుంది. పన్నెండేళ్లలో ఎన్ని లాల్చీలు చిరిగాయో ఆవిడకే తెలుసు.

"ఏమండీ, ఆగండి! వెనక మురుక్కాలవ."

"ఎంత దూరం?"

"రెండడుగులు."

"అయితే ఇంకో అడుగు ఉందిగా!"

ఈ జబ్బుకి మందు కనిపెట్టింది ధర్మతలా కెమెరాల సందులోని పరిమళ్. కౌంటరు వెనక నించుని, చెవిలో పెన్సిలు పెట్టుకుని, వచ్చినవాళ్ల రోగాలు విని కెమెరాలు రాసిచ్చే మనిషి. "దాదా, తప్పు మీది కాదు, మీ కెమెరాది. దాని సెన్సరు చిన్నది. లెన్సు చూపించిన దాంట్లో అంచులన్నీ కోసి పారేసి, మధ్య ముక్కే మీ చేతిలో పెడుతుంది. అందుకే మీరు వెనక్కి పోవాల్సొస్తోంది. ఫుల్ ఫ్రేమ్ కొనండి, అంచులు కొయ్యదు" అన్నాడు.

అంచులు కొయ్యదు అన్న మాట విని అనాదిచరణ్ కళ్లు చెమర్చాయి. కెమెరా మాట వింటే కళ్లు తుడుచుకునే మనిషిని పరిమళ్ అంతకుముందు చూడలేదు. కానీ ఆ కెమెరా ఎంచడానికి పట్టింది మూడేళ్లు! ప్రతి శనివారం వెళ్లేవాడు. ఒకదాని బరువు చూసేవాడు, ఇంకోదాని మీట చప్పుడు చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. ఇది చీకట్లో బాగా చూస్తుంది, కానీ చేతికి నిండుగా లేదు. అది చేతికి నిండుగా ఉంది, కానీ చప్పుడు దగ్గులా ఉంది. "పెళ్లిపిల్లని ఎంచడానికి కూడా మా నాన్న ఒక్క పూటే తీసుకున్నాడు" అని ఇంట్లో అనేవాడు. "ఆ పూట ఇంకొంచెం ఎక్కువ తీసుకుని ఉంటే నేను బాగుపడేదాన్ని" అనేది కణిక.

చివరికి మాఘమాసంలో ఝినుక్ పెళ్లి కుదిరింది. ఘోషాల్ వారమ్మాయి. తల్లి లేదు. పెంచింది మేనత్త బీణాపాణి. ఆ వీధిలో అందరికీ ఆవిడ పిసి. ముహూర్తానికి వారం ముందు ఝినుక్ స్టూడియోకి వచ్చి, బల్ల మీద రెండు చేతులూ ఆనించి చెప్పింది.

"కాకూ, పెళ్లి ఫోటోలు ఎలా ఉన్నా నాకు ఫర్వాలేదు. అత్తారింటికి బయల్దేరే ముందు మా ఇంట్లోవాళ్లందరితో ఒక్క ఫోటో కావాలి. అందరూ ఉండాలి. ఒక్కరు తగ్గినా నేను తీసుకోను. మళ్లీ ఇంతమంది ఒక్కచోట ఎప్పుడు చేరతారు చెప్పండి?"

"అందరూ ఉంటారమ్మా" అన్నాడు అనాదిచరణ్, ఒట్టేసినట్టు.

ఘోషాల్ వారి ముంగిలి తలుచుకోగానే కణికకి గుండెల్లో రాయి పడింది. ముంగిలి అంటే ఆరడుగులు అటు, ఆరడుగులు ఇటు. మనుషులు నలభైమంది. వెనక గోడ. ఆ గోడ అవతల సమాద్దార్. నీళ్లు ఎటు పోవాలన్న తగువులో రెండిళ్లకీ పదకొండేళ్లుగా మాటల్లేవు.

"ఈసారి వెనక్కి పోవడానికి చోటే లేదు, తెలుసా?" అంది.

"అందుకే ఇవాళ కొనేస్తాను."

కొన్నాడు కూడా! కొని, అలవాటు ప్రకారం కంటికి ఆనించుకుని వెనక్కి నడుస్తూ కొట్లోంచి బయటికి పోయాడు. లాల్చీ పట్టుకుని కణికా పోయింది. కాలిబాట మీద బెలూన్లమ్మేవాడి గుత్తిలో ఇద్దరూ ఇరుక్కుని, టపటపమంటున్న బెలూన్ల మధ్య పెనుగులాడుతున్న ఆ రెండు నిమిషాల్లోనే, కౌంటరు వెనకనుంచి పరిమళ్ అసలు ముక్క చెప్పాడు. "దాదా, మీ పాత లెన్సు దీనికి పడుతుంది గానీ లాభం లేదు. లెన్సు కూడా మార్చాలి." చెప్పి, చెప్పాననే తృప్తితో తర్వాతి బేరంలో పడ్డాడు.

కెమెరా కాళీఘాట్ గుడికి వెళ్లొచ్చింది. కుంకుమబొట్టు పెట్టించుకుంది. ఎర్రగుడ్డలో కూర్చుంది. కణిక మొత్తుకుంది, ఒకసారి తీసి చూడండి అని.

"మొదటి ఫోటో శుభం కావాలి. బోణీ ఝినుక్‌దే" అన్నాడాయన. పెళ్లి రాత్రంతా పాత కెమెరాతోనే నెట్టుకొచ్చాడు.

మర్నాడు పదకొండుంబావు. పదకొండు నలభైకి వర్జ్యం వచ్చేస్తుంది. ఆలోగా పిల్ల గడప దాటాలి. ముంగిలి మెట్ల మీద నలభైమంది ఒకరి భుజం మీద ఒకరు. మధ్యలో ఎర్రచీరలో ఝినుక్, పక్కన కొత్తల్లుడు. అనాదిచరణ్ ఎర్రగుడ్డ విప్పాడు, కెమెరాకి దండం పెట్టాడు, పాత లెన్సు బిగించాడు, కంటికి ఆనించాడు. ఆనించి అలాగే ఉండిపోయాడు.

"ఏమైందండీ?"

"ఇది... ఇదీ అంచులు కోసేస్తోంది, కణికా."

కణిక కెమెరా వెనక తెర మీద చూసింది. నిజమే, మధ్య వాళ్లు ఇరవైమందే ఉన్నారు. పాత లెన్సుని చూడగానే కొత్త కెమెరా కూడా పాత బుద్ధులు తెచ్చుకుని మధ్య ముక్కే పట్టింది. ఆయన ఏదో నొక్కి ఆ బుద్ధి మాన్పించాడు. అందరూ వచ్చారు గానీ నాలుగు మూలలా నాలుగు అమావాస్యలు వచ్చాయి. మూలనున్న తాతగారు సగం చీకట్లో మునిగిపోయాడు. మళ్లీ పాత చూపుకే తిప్పాడు. మూడేళ్ల శనివారాలు ఆ ఒక్క క్షణంలో బూడిదయ్యాయి.

"పదకొండూ ఇరవై!" అని పురోహితుడు కేకేశాడు.

అనాదిచరణ్ వెనక్కి వేశాడు. వీపుకి గోడ తగిలింది.

"ఏమయ్యా అనాదీ, తీస్తావా, ముక్కలుగా కోసి అతికిస్తావా?" అన్నాడు ఝినుక్ తండ్రి. ఎవరో నవ్వారు. ఝినుక్ నవ్వలేదు. బొట్లు దిద్దిన మొహంలో కళ్లు మాత్రం ఆయన్నే చూస్తున్నాయి.

అప్పుడాయన గోడెక్కాడు.

అరవై దాటిన మనిషి, మెడలో కెమెరాతో, ఛాతీ ఎత్తు గోడ ఎక్కి సమాద్దార్ పెరట్లోకి దిగిపోయాడు. చేతిలో లాల్చీ ఉంది కాబట్టి కణికా ఎక్కక తప్పలేదు. అక్కడ ముసలి సమాద్దార్ పేపరు చదువుతున్నట్టు నటిస్తూ పొద్దుట్నుంచీ పెళ్లి సందడే వింటున్నాడు.

"ఎవరయ్యా నువ్వు? నా పెరట్లో నీకేం పని?"

"దాదా, ఒక బల్ల కావాలి."

"వాళ్ల కోసమా? చస్తే ఇవ్వను!"

"పిల్ల వెళ్లిపోతోంది దాదా. ఇంకో పావుగంటే."

సమాద్దార్ గోడ మీదుగా చూశాడు. ఝినుక్ అటునుంచి, "దాదూ, కాస్త ఇవ్వరూ" అంది. ఆయన గొణుక్కుంటూనే లోపలికెళ్లి, భోజనాల బల్లే ఈడ్చుకొచ్చాడు. అంతటితో ఆగక దాని కాలు కూడా పట్టుకుని నించున్నాడు.

బల్ల మీద అనాదిచరణ్, ఆయన వెనక బల్ల అంచున కణిక. గోడ మీదుగా మెట్లు మొత్తం కనిపిస్తున్నాయి.

"పదకొండూ ముప్ఫయ్యారు! ఇక నేను ఆగను" అన్నాడు పురోహితుడు.

కణిక తెర మీద లెక్కపెట్టింది. తాతగారు, తోడికోడళ్లు, చంటిపిల్లలు, అందరూ వచ్చారు. "సరిపోయారండీ, నొక్కండి!"

"ఇంకొక్క అడుగు."

"ఎందుకు? అందరూ ఉన్నారుగా!"

"ఇంకొక్కటి కణికా. వెనక ఎంతుంది?"

ఏమీ లేదు. బల్ల అక్కడితో సరి. ఆవిడకి ఒళ్లు మండిపోయింది. అందరూ ఉన్నాక ఇంకా ఎవరి కోసం ఈ మనిషికి వెనకడుగు? మళ్లీ తెర వంక చూసింది. ఎడమ అంచున వరండా స్తంభం సగం తెగి ఉంది. దాని పక్కన ఒక తెల్లచీర కుచ్చెళ్లు, ఒక చెయ్యి. అంతే.

బీణాపాణి పిసి. రెండ్రోజులుగా పెళ్లి పనంతా ఆవిడ చేతి మీదే నడిచింది. శంఖం మోగినప్పుడల్లా మాత్రం, విధవని, శుభంలో నేనెందుకమ్మా అని తప్పుకుంటూ వచ్చింది. ఇప్పుడూ వరసలో లేదు. స్తంభం పక్కన నించుని, తను పెంచిన పిల్లని కళ్లారా చూసుకుంటోంది.

కణిక వెనక్కి తిరిగి చూసింది. బల్ల వెనక, కింద నులకమంచం మీద సమాద్దార్ ఇంటి బొంతలన్నీ చలికాలపు ఎండలో పొంగి ఉన్నాయి. ఆవిడ మంచం మీదికి దిగి, అటునుంచి కిందికి దిగి పక్కకి తప్పుకుంది.

"ఉందండీ" అంది. "ఒకడుగు ఉంది. వెయ్యండి."

పన్నెండేళ్లలో మొదటిసారి లాల్చీ వదిలేసింది.

అనాదిచరణ్ నమ్మకంగా వెనక్కి వేశాడు. కాలు గాల్లో తేలింది, గోడ అవతల నవ్వులు లేచాయి. పడుతూ పడుతూనే మీట నొక్కాడు. బొంతల్లో దబ్బున పడి మునిగిపోయాడు. రెండు చేతులూ, వాటి మధ్య కెమెరా మాత్రం పైకే ఉన్నాయి. నలభైమందీ గొల్లున నవ్వారు. ఆ గోలలోనే శంఖం మోగింది, ఝినుక్ గడప దాటింది. పదకొండూ ముప్ఫైతొమ్మిది.

బొంతల్లోంచి మొగుణ్ణి లాగుతూ కణిక మెల్లగా అడిగింది. "ఇన్నేళ్లూ ఇందుకా? ఒక్క మాట చెప్పి ఆవిణ్ణి వరసలోకి పిలిస్తే పోయేదిగా?"

"పిలిస్తే రాదు కణికా. పదిమంది రమ్మంటారు, ఇద్దరు మొహం చిట్లిస్తారు. ఆ ఇద్దర్నీ చూసి ఆవిడ లోపలికి వెళ్లిపోతుంది. ప్రతి పెళ్లిలోనూ ఇలా ఒకళ్లు ఉంటారు. నేనే ఒకడుగు వెనక్కి వేస్తే ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు" అన్నాడాయన నడుము పట్టుకుని. వెంటనే అనుమానంగా చూశాడు. "అవునూ, అడుగు ఉందన్నావుగా?"

"కొలత తప్పాను" అంది కణిక.

ఆ ఫోటో ఇప్పుడు పిసి గదిలో గోడకి ఉంది. కాస్త పక్కకి ఒరిగింది గానీ అందరూ ఉన్నారు. నలభైమందీ పడిపోతున్న ఫోటోగ్రాఫర్ని చూసి పగలబడి నవ్వుతున్నారు. ఎడమ వైపు స్తంభం దాటి ఒకడుగు ముందుకొచ్చి, దాక్కోవడం మర్చిపోయి, అందరికన్నా గట్టిగా నవ్వుతున్నది బీణాపాణి పిసి.