సేనాపతికి వన్స్‌మోర్

2022 వేసవి. జమ్మలమడుగు పక్కన ఒక ఊరి తిరునాళ్ల. నా పని నాటకాలకు మేకప్, డ్రెస్సులు. అయిదో తరగతిలోనే బడి మానేసినోణ్ని, అయినా గంటలో ఇద్దరు రాజుల్నీ ఒక మంత్రినీ తయారుచేసి పంపగలను. ఆ అధికారం కలెక్టరుకు కూడా లేదు.

ఆ నాటకంలో సేనాపతి తన అన్నను చంపించిన రాజు మీద పగ తీర్చుకోవాలి. పూజలో ఉన్న రాజు వెనక కత్తెత్తి, "ఉప్పు తిన్న చేత చంపుదునా, మానుదునా" అని పద్యం పాడతాడు. చివరికి చంపి, తానూ విషం తాగుతాడు. సేనాపతి ఓబులేసు. రాజు అతని పెదనాయన కొడుకు సుబ్బన్న. తాతలనాటి నుంచి ఆ వేషాలు ఆ ఇళ్లవే, మార్చేందుకు లేదు. చిక్కేమంటే, పొలం గట్టు తగాదాలో ఓబులేసు చీనీ బత్తాయి తోటను నరికించింది సుబ్బన్నే. ఇద్దరికీ మాటల్లేవు.

ఓబులేసుకు నడికట్టు బిగిస్తుంటే చేతికి గట్టిగా తగిలింది. బాకు. నా తగరపు కత్తుల్లోది కాదు.

"ఏమప్పా, ఇది నాటకంలో యాడుండాది?"

"నడికట్టు కట్టప్పా. ఈ పొద్దు పద్యం నిజమైతాది."

"అట్లయితే విషం గూడా నిజందే తాగాల. తెచ్చినావా?"

బాకు తానే నడికట్టులో దోపుకున్నాడు. గంట మోగింది, పోయినాడు.

బయట చెబితే ఇద్దరి మనుషులూ కుర్చీలెత్తుతారు, ఒక ప్రాణానికి పది పోతాయి. సైడ్ వింగ్‌లో, అంటే స్టేజీ పక్క తెర చాటున, నిలబడ్డాను. పద్యం అయింది. ఓబులేసు ఎడమచెయ్యి నడుము మీదికి పోయింది. గొంతు చించుకొని "వన్స్‌మోర్!" అని అరిచాను. జనం అందుకున్నారు. వన్స్‌మోర్ పడితే పద్యం మళ్లీ పాడాల్సిందే. యముడొచ్చినా అంతదాకా కూర్చోవాల్సిందే.

రెండోసారి "చంపుదునా" ఖంగుమంది. మళ్లీ అరిచాను. మూడోసారి "మానుదునా" దగ్గర కన్నీళ్లకు చెంపల మీద రంగు కారింది. సుబ్బన్న తల తిప్పకుండానే గొణిగాడు:

"కొట్టేదుంటే కొట్టరా నాయనా, మోకాళ్లు పోతాండాయి."

ఓబులేసు తగరపు కత్తితోనే కొట్టాడు.

తర్వాత రంగు తుడుస్తూ అడిగాను, "ఏమాయప్పా?"

"తొలిసారి జనానికి పాడినా. మూడోసారి నన్నే అడిగినట్లాయ."

ఇప్పటికీ వాళ్లు మాట్లాడుకోరు. వేషాలు మాత్రం కడతాండారు. చంపనీకి ఒక క్షణం చాలు, మాననీకే టైము కావాలని ఆ పొద్దు తెలిసింది. సేనాపతి తటపటాయిస్తే ముందు వరుసోళ్లు పిరికోడంటారు. నేను తెర చాటున అనుకుంటాను: పాడనీ పాపం, ఇంకోసారి పాడనీ.